పెద్దావిడకు చెక్కు చేరడానికి పదకొండు వారాలు: ఒక మూలవాసీ జీవావరణ ల్యాబ్ గ్రాంటు లెక్కల కేస్ స్టడీ

ఆ కవరు నా టేబుల్ మీదికి తిరిగొచ్చిన రోజు బాగా గుర్తుంది. పైన ఎర్ర స్టాంపు: "చిరునామాలో అందలేదు". లోపల 300 డాలర్ల చెక్కు. ఏప్రిల్ మొదటి వారంలో ఒక పెద్దావిడ మా విద్యార్థులతో రోజంతా తడి గడ్డిలో నడిచి, ఏ దుంప తినేదో, ఏది ప్రాణం తీసేదో చూపించినందుకు ఇవ్వాల్సిన గౌరవ వేతనం అది. కవరు తిరిగొచ్చేటప్పటికి జూన్ వచ్చేసింది. మా ఫారంలో వీధి చిరునామా తప్పనిసరి. వాళ్ల ఊళ్లో ఉత్తరాలు ఇంటికి రావు, పోస్టాఫీసు పెట్టెకు వస్తాయి. పెట్టె నంబరు రాయడానికి ఫారంలో గడే లేదు. మళ్లీ పంపి ఆవిడ చేతికి చేరేసరికి పదకొండు వారాలు.

నేను కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోని ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ గ్రాంట్ల లెక్కలు చూస్తాను. నేను చూసే ఖాతాల్లో ఒకటి మూలవాసీ జీవావరణ శాస్త్రం మీద పనిచేసే ల్యాబ్‌ది. ఈ కేసు ఆ ల్యాబ్ మొదటి రెండేళ్లది. యూనివర్సిటీ పేరు, ల్యాబ్ కలిసి పనిచేసే ఫస్ట్ నేషన్ (కెనడాలో ఒక మూలవాసీ సముదాయాన్ని ఇలా అంటారు, ఇకపై నేషన్ అంటే అదే) పేరు రాయడం లేదు. మొత్తాలు కొన్ని సర్దాను, వరస మాత్రం జరిగింది జరిగినట్టే.

ముందు పని గురించి చెప్పాలి, లేకపోతే లెక్కలు అర్థం కావు. వాంకూవర్ దీవి దక్షిణాన గ్యారీ ఓక్ చెట్ల మధ్య పచ్చిక మైదానాలు ఉంటాయి. అక్కడ కామస్ అనే నీలిపూల మొక్క పెరుగుతుంది. దాని దుంపను గుంట పొయ్యిలో గంటల తరబడి మగ్గబెట్టి తినడం తరతరాల ఆనవాయితీ. ఆ మైదానాలు వాటంతట అవి అలా లేవు. అక్కడి ప్రజలు పద్ధతిగా నిప్పు పెట్టి, తవ్వి, కలుపు తీసి వాటిని నిలబెట్టారు. వలసపాలనలో నిప్పు ఆగింది, డగ్లస్ ఫర్ చెట్లు కమ్ముకొచ్చాయి. ఈరోజు గ్యారీ ఓక్ మైదానాలు దాదాపు మునుపటి స్థితిలో మిగిలింది 5 శాతం లోపే. మా ల్యాబ్ ప్రాజెక్టు ఒక చిన్న మైదానంలో ఆ నేషన్ వాళ్లే మళ్లీ నిప్పు పెట్టి, తర్వాత ఏం మొలుస్తుందో వాళ్లతో కలిసి నమోదు చేయడం.

కామస్ ఉన్నచోటే తెల్లపూల విషదుంప కూడా పెరుగుతుంది. ఆకులు ఎండిపోయాక రెండు దుంపలూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని పూలు ఉన్నప్పుడే, అంటే ఏప్రిల్, మే నెలల్లోనే, విషం మొక్కల్ని గుర్తుపట్టి పీకేయాలి. ఇది తెలిసినవాళ్లు పెద్దలే. గ్రాంటు సంవత్సరమేమో మార్చి 31న ముగుస్తుంది. అంటే మా అకౌంట్స్ విభాగం పుస్తకాలు మూసే హడావిడిలో, ఫోన్లు కూడా ఎత్తని ఆ రెండు మూడు వారాల్లోనే, ల్యాబ్‌కు సంవత్సరంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఫీల్డ్ పని పడుతుంది. మొదటి ఏడాది ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మొదటి ఏడాది బడ్జెట్ 80,000 డాలర్లు. అందులో విద్యార్థుల స్టైపెండ్లు 42,000, ప్రయాణాలు 12,000, పరికరాలు 11,000, పెద్దలకు, జ్ఞానం పంచేవాళ్లకు గౌరవ వేతనాలు 6,000, మిగతాది విందులు, కానుకలు, మీటింగ్ ఖర్చులు. ఆ ఏడాది మార్చి ఆఖరుకు ఖర్చయింది 51,000. పైనుంచి చూసేవాళ్లకు ఇది నిదానంగా పనిచేసే ల్యాబ్‌లా కనిపిస్తుంది. నిజానికి పని ఆగలేదు, డబ్బు కదల్లేదు. స్టైపెండ్లు నెలనెలా ఠంచనుగా వెళ్లిపోయాయి. ఇరుక్కుపోయినవన్నీ నేషన్ వైపు వెళ్లాల్సినవే. స్ప్రెడ్‌షీట్‌లో ఆ వరసలకు రంగు వేసి చూశాక ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగారు: "మనవాళ్లకు ఎంత తొందరగా ఇచ్చాం, వాళ్లకు ఎంత ఆలస్యంగా ఇచ్చాం, ఇది వాళ్లకూ ఇలాగే కనిపిస్తుంది కదా?"

రూల్సు ఏమంటున్నాయి, మేమేం చేస్తున్నాం

కెనడాలో యూనివర్సిటీ పరిశోధనకు ఫెడరల్ డబ్బు ఎక్కువగా మూడు ఏజెన్సీల నుంచి వస్తుంది, వరసగా సైన్సు-ఇంజినీరింగుకు, సామాజిక-మానవీయ శాస్త్రాలకు, ఆరోగ్య పరిశోధనకు: ఎన్ఎస్ఈఆర్‌సీ, ఎస్ఎస్‌హెచ్‌ఆర్‌సీ, సీఐహెచ్‌ఆర్. మూడింటికీ కలిపి ఒక ఆర్థిక నిర్వహణ గైడ్ ఉంది. ఇప్పుడున్న గైడ్ 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఏ ఖర్చు చెల్లుతుంది, ఏది చెల్లదు అని పొడుగాటి జాబితాలు ఉండేవి. ఇప్పుడు ప్రధానంగా నాలుగు సూత్రాలు. ఖర్చు పరిశోధనకు నేరుగా ఉపయోగపడాలి. మామూలుగా యూనివర్సిటీ తానే సమకూర్చాల్సినది అయి ఉండకూడదు. పొదుపుగా, ఫలితం ఇచ్చేలా ఉండాలి. ఎవరి సొంత లాభానికీ కాకూడదు. అంతే.

ఈ నాలుగు వాక్యాలు ఎదురుగా పెట్టుకుని, మొదటి ఏడాది మేం తిప్పిపంపిన బిల్లులన్నీ ఒక మధ్యాహ్నం కూర్చుని మళ్లీ చదివాను. మొత్తం పదిహేడు. వాటిలో ఏజెన్సీ గైడ్ అడ్డుపడింది ఒక్కదానికే. మిగతా పదహారింటికీ అడ్డుపడింది మా సొంత ఫారాలు, మా అలవాట్లు. "ఏజెన్సీ ఒప్పుకోదు" అని నేనే ఈమెయిల్స్ రాశాను, అదీ గైడ్ తెరిచి చూడకుండా. ఈ రంగంలో పనిచేసేవాళ్లు దయచేసి ఇది గమనించండి. మన నోట వచ్చే "రూల్ ఒప్పుకోదు" అనే మాటకు ల్యాబ్‌లో ఎవరూ ఎదురు చెప్పలేరు. కాబట్టి ఆ మాట అనేముందు పేజీ తెరవాలి.

కానుకల విషయమే తీసుకోండి. కొన్ని నేషన్లలో పెద్దల్ని సలహా అడగడానికి వెళ్తే పొగాకు ఇవ్వాలి, కొన్ని చోట్ల దుప్పటి కప్పాలి. ఒక దుప్పటి బిల్లు మీద మా ఆఫీసు రాసిన ప్రశ్న: "ఇది ప్రమోషనల్ ఐటమా?" సీఐహెచ్‌ఆర్ తన గ్రాంటు ప్రకటనల్లో పొగాకు, వస్త్రం, విందు, గౌరవ కార్యక్రమాల్లో ఇచ్చే కానుకలను పేర్లతో సహా చెల్లే ఖర్చులుగా రాసింది. మా గ్రాంటు వేరే ఏజెన్సీది అయినా, నాలుగు సూత్రాల్లో ఆ దుప్పటికి చోటుంది. ఆ మర్యాద పాటించకుండా ఆ సంభాషణే మొదలవదు, సంభాషణ లేకుండా పరిశోధన లేదు.

నాకు ఇక్కడ ఒక చరిత్ర గుర్తొస్తుంది. పసిఫిక్ తీరంలో పాట్‌లాచ్ అనే వేడుక ఉంది. వచ్చినవాళ్లకు కానుకలు పంచడం దాని గుండెకాయ. కెనడా ప్రభుత్వం అక్కడి మూలవాసుల మీద చేసిన చట్టం, ఇండియన్ యాక్ట్‌ను సవరించి 1885 నుంచి దాన్ని నేరం చేసింది. ఆ నిషేధం 1951 దాకా చట్టంలో ఉంది. అంటే ఈరోజు మనకు రసీదు ఇవ్వాల్సిన పెద్దల్లో కొందరు పుట్టేనాటికి, ఇచ్చిపుచ్చుకోవడానికే జైలు ఉండేది. అలాంటి చోట "ఈ కానుక ఎందుకు ఇచ్చారు, సమర్థించండి" అని ఒక ఫారం అడిగితే అది వాళ్లకు మామూలు ప్రశ్నలా వినిపించదు. ఇది తెలిశాక నేను ఆ ప్రశ్నను పెద్దల దాకా వెళ్లనివ్వడం మానేశాను. సమర్థన నేను రాస్తాను, ప్రొఫెసర్ గారు సంతకం పెడతారు. పెద్దలు పెట్టాల్సింది ముట్టినట్టు ఒక సంతకం, అంతే.

వెండర్ ఫారం

ఈ కేసులో అసలు ముడి ఇదే. మా పద్ధతిలో బయటివాళ్లకు డబ్బు ఇవ్వాలంటే వాళ్లు "వెండర్"గా నమోదు కావాలి. నాలుగు పేజీల ఫారం. వ్యాపారం పేరు, చిరునామా, సోషల్ ఇన్సూరెన్స్ నంబరు (పన్నుకు, పెన్షన్‌కు వాడే ప్రభుత్వ గుర్తింపు నంబరు), బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు. కాపీ మెషీన్లు అమ్మే కంపెనీకీ, ఎనభై ఏళ్ల పెద్దావిడకూ ఒకటే ఫారం.

సోషల్ ఇన్సూరెన్స్ నంబరు ఎందుకంటే, ఒక క్యాలెండర్ సంవత్సరంలో ఒకరికి 500 డాలర్లు దాటి ఫీజుగా ఇస్తే ఫిబ్రవరి ఆఖరుకల్లా టీ4ఏ స్లిప్పు (ఇచ్చిన ఆదాయాన్ని పన్ను లెక్కకు చూపే కాగితం) ఇవ్వాలి. ఇది పన్ను శాఖ నిబంధన, తప్పించుకోలేం, తప్పించుకోకూడదు కూడా. చెల్లింపును ముక్కలు చేయడం, ఒకరి డబ్బు ఇంకొకరి పేరున రాయడం లాంటి సలహాలు మంచి మనసుతోనే వస్తాయి. నేను ఒప్పుకోను. రేపు ఆడిట్‌లో ఆ పెద్దావిడ పేరే బయటికొస్తుంది.

కానీ ఒక్కరోజు వచ్చి వెళ్లినవాళ్ల దగ్గర, 300 డాలర్లకు, ఆ నంబరు ముందే ఎందుకు అడుగుతున్నాం? ఎందుకంటే ఫారం అలా ఉంది కాబట్టి. ఇంకో సమస్య, నాకు అసలు తెలియనిది, పెద్దావిడ మనవరాలు చెబితే తెలిసింది. వృద్ధాప్య పెన్షన్ మీద తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు వచ్చే గ్యారంటీడ్ ఇన్‌కమ్ సప్లిమెంట్ ఆదాయాన్ని బట్టి మారుతుంది. ఈ ఏడాది ఆదాయం పెరిగితే వచ్చే జూలై నుంచి ఆ మొత్తం తగ్గొచ్చు. "మీరు గౌరవం అని ఇస్తారు, అమ్మమ్మకు మాత్రం నెలనెలా వచ్చేదాంట్లో కోత పడుతుందేమోనని టెన్షన్. ముందే చెబితే ఎన్నిసార్లు రావాలో తనే చూసుకుంటుంది కదా," అంది. ఇండియన్ యాక్ట్ సెక్షన్ 87 కింద, ఆ చట్టం ప్రకారం నమోదైన మూలవాసులకు రిజర్వు (నేషన్లకు కేటాయించిన భూమి) మీద సంపాదించిన ఆదాయానికి పన్ను మినహాయింపు ఉంటుంది. అది ఎవరికి, ఏ చెల్లింపుకు వర్తిస్తుందన్నది ఎన్నో విషయాల మీద ఆధారపడుతుంది. లెక్కలు చూసే నేను దాని మీద సలహా చెప్పకూడదు. ముందుగా మొత్తం చెప్పడం, పన్ను సలహా ఇచ్చేవాళ్లను కలవడానికి వాళ్లకు సమయం ఇవ్వడం నా పని.

రెండో ఏడాది ఏం మార్చామంటే, ఒక్క పేజీ కాగితం తయారుచేశాం. దానికి చెల్లింపుల విభాగాన్ని ఒప్పించడానికి నాలుగు మీటింగులు పట్టాయి. ఫీల్డ్ రోజుకు కనీసం మూడు వారాల ముందు ప్రాజెక్టు కోఆర్డినేటర్ వెళ్లి పెద్దలతో కూర్చుని అది చదివి వినిపిస్తుంది. రోజుకు ఎంత, ఎన్ని రోజులు అనుకుంటున్నాం, 500 దాటితే ఏమవుతుంది, నగదా చెక్కా, పోస్టు పెట్టె నంబరు ఎంత. ఏడాదికి 500 దాటదని తెలిస్తే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు అడగం. దాటేలా ఉంటే అప్పుడు అడుగుతాం, అదీ ఈమెయిల్లో కాదు, సీల్ చేసిన కవరులో నేరుగా మా పేరోల్‌కు. ప్రొఫెసర్ గారు ప్రాజెక్టు పేరున నగదు అడ్వాన్స్ తీసుకుంటారు. ఫీల్డ్ రోజు సాయంత్రం, వెళ్లిపోయేముందు, చేతికి కవరు అందుతుంది. రసీదు పుస్తకంలో తేదీ, మొత్తం, సంతకం. వారంలోగా మిగిలిన నగదు, రసీదులు నా దగ్గరికి వస్తాయి.

నగదు అంటే ఆఫీసుల్లో భయం. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అందుకని అడ్వాన్స్ పరిమితి 2,000 డాలర్లు పెట్టాం, పాత అడ్వాన్స్ లెక్క తేలనిదే కొత్తది ఇవ్వం. ఏడాదిలో ఆరు అడ్వాన్సులు ఇచ్చాం, ఆరూ సెంటుతో సహా సరిపోయాయి.

ముందు వెళ్లే ప్రయాణాలకు డబ్బు

ఇది చాలా ల్యాబులు పోగొట్టుకునే చోటు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. మనుషులతో చేసే పరిశోధనకు ఎథిక్స్ బోర్డు అనుమతి రానిదే యూనివర్సిటీ ఆ పనికి డబ్బు విడుదల చేయదు. ఎథిక్స్ బోర్డు ఏమో, నేషన్‌తో ముందుగా మాట్లాడారా అని అడుగుతుంది. దేశమంతటికీ వర్తించే ఎథిక్స్ విధానం, టీసీపీఎస్ 2, దానిలో 9వ అధ్యాయం మొత్తం ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అనే మూడు మూలవాసీ ప్రజలతో చేసే పరిశోధన గురించే. సంబంధం ముందు, పరిశోధన ప్రశ్న తర్వాత అన్నది దాని సారం. మాట్లాడటానికి వెళ్లాలంటే ఫెర్రీ టికెట్, బండి, బస, కానుక కావాలి. అనుమతి లేదని డబ్బు లేదు, డబ్బు లేదని అనుమతి రాదు. మా ప్రొఫెసర్ గారు మొదటి ఏడాది నాలుగు ప్రయాణాలు సొంత జేబులోంచి పెట్టుకున్నారు.

ఈ ముడికి విప్పు ఆ విధానంలోనే ఉంది. 6.11 ఆర్టికల్ ప్రకారం, పరిశోధన సాధ్యమా కాదా అని మాట్లాడుకోవడానికి, భాగస్వామ్యం ఏర్పరచుకోవడానికి జరిగే తొలి దశకు ఎథిక్స్ సమీక్ష అక్కర్లేదు. ఆ దశకు కావాల్సినంత డబ్బు విడుదల చేయమని మేం ఒక లేఖ రాశాం. ఏ ప్రయాణాలు, ఎన్ని, ఎంత, వాటిలో డేటా ఏదీ సేకరించబోమని ఒక వాక్యం. మూడు రోజుల్లో ఒప్పుకున్నారు. ఏడాది పాటు ఎవరూ అడగలేదు, అడిగితే మూడు రోజుల్లో అయింది.

నేషన్‌తో కాంట్రాక్టు

పెద్దల చెల్లింపులు దారిలో పడ్డాక నేషన్ భూముల విభాగం వాళ్లు ఇంకో మాట అన్నారు. మా మనుషులకు మీరు ఒక్కొక్కరికీ ఇవ్వడం దేనికి, మా ఆఫీసుకు ఇవ్వండి, మా పద్ధతిలో మేం ఇచ్చుకుంటాం అని. న్యాయమైన మాట. ఫెడరల్ గ్రాంటు డబ్బును ఏజెన్సీ అర్హత లేని సంస్థకు గ్రాంటుగా బదిలీ చేయలేం. సేవల కాంట్రాక్టు రాసుకుని ఇన్వాయిస్ మీద చెల్లించవచ్చు. నిప్పు పెట్టే పని, ఆ ముందూ వెనకా కాపలా, వాళ్ల గార్డియన్లు (భూమిని కనిపెట్టుకుని ఉండే నేషన్ సిబ్బంది) పనిచేసే రోజులు అన్నీ ఆ కాంట్రాక్టులోకి వెళ్లాయి.

మా కొనుగోళ్ల విభాగం మూడు కొటేషన్లు అడిగింది. ఆ మైదానం ఆ నేషన్‌ది, ఆ జ్ఞానం ఆ నేషన్‌ది, మూడు కొటేషన్లు ఎవరి దగ్గర తేవాలి? ఒకే సరఫరాదారు అన్న మినహాయింపు కింద రెండు పేరాల వివరణ రాసి తీసుకున్నాం. తర్వాత గడువు తేదీ. కాంట్రాక్టులో పని జరిగే తేదీ ఉండాలి. నిప్పుకు తేదీ ఉండదు. తొలకరి వాన పడాలి, గడ్డి తగినంత పొడిగా ఉండాలి, గాలి ఎటు వీస్తుందో చూడాలి. మొదటి శరదృతువులో వాన ఆలస్యమైంది, తర్వాత ఆగకుండా కురిసింది, నిప్పు పెట్టనే లేదు. రెండోసారి కాంట్రాక్టులో తేదీకి బదులు "సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్య, నేషన్ అగ్ని నిర్వాహకులు నిర్ణయించిన రోజు" అని రాశాం. సిద్ధంగా ఉన్నందుకు ఒక మొత్తం, నిప్పు పెట్టిన రోజుకు ఇంకో మొత్తం. వాన వచ్చి పని జరగకపోయినా సిద్ధంగా ఉన్నవాళ్ల రోజులు వృథా కావు.

పరికరాల దగ్గర నేను దాదాపు తప్పు చేయబోయాను. గ్రాంటు డబ్బుతో యూనివర్సిటీ కొన్న వస్తువు యూనివర్సిటీ ఆస్తి అవుతుంది. మైదానంలో పెట్టే వాతావరణ కేంద్రాన్ని మామూలుగా కొనుగోలు ఆర్డరులో వేసేశాను. భూముల విభాగం నుంచి ఒక ప్రశ్న వచ్చింది: ప్రాజెక్టు అయిపోయాక అది పీక్కుపోతారా? ఆర్డరు రద్దు చేసి, దాన్ని కాంట్రాక్టులో భాగంగా నేషన్ తానే కొనుక్కునేలా మార్చాం. డేటా కూడా అంతే. ఫస్ట్ నేషన్స్ వాళ్లు ఓక్యాప్ అని పిలిచే సూత్రాలు నాలుగు: యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం. ఇది నినాదంగా మిగిలిపోకూడదంటే స్వాధీనానికి ఒక హార్డ్ డ్రైవ్ ఖరీదు, సర్వర్ అద్దె, దాన్ని చూసుకునే మనిషి జీతం ఉంటాయి. బడ్జెట్లో ఆ వరస లేకపోతే డేటా మా సర్వర్‌లోనే పడి ఉంటుంది. రెండో ఏడాది ఆ వరస పెట్టాం, 3,600 డాలర్లు.

చెల్లదని గైడ్ నిజంగా అడ్డుపడిన ఆ ఒక్క బిల్లు ఏమిటంటే, ల్యాబ్ గది రంగులు, అల్మారాలు. అవి యూనివర్సిటీ పెట్టుకోవాల్సిన ఖర్చులు. అలాంటి పరోక్ష ఖర్చుల కోసం యూనివర్సిటీలకు ఫెడరల్ రీసెర్చ్ సపోర్ట్ ఫండ్ విడిగా ఉంది. ఆ బిల్లు డిపార్ట్‌మెంటుకు పంపాను.

రెండో ఏడాది మార్చి ఆఖరుకు ఖర్చు 80,000కు 74,500, పాత ఏడాది మిగులులోంచి ఇంకో 20,000. జూన్ 30కి పంపాల్సిన ఖాతా నివేదిక జూన్ మొదటి వారంలోనే వెళ్లింది. పెద్దలకు చెల్లింపు సగటున ఎన్ని రోజులు పట్టిందో లెక్క వేయడం మానేశాం, అదే రోజు కాబట్టి. ఒక్కటి మాత్రం తేలలేదు. అక్టోబర్‌లో ఊళ్లో ఒక మరణం జరిగి ఫీల్డ్ పని పూర్తిగా ఆపేశారు. ముందే కట్టిన పడవ అద్దె 1,400 డాలర్లు పోయింది. అలాంటి సమయంలో ఎవరూ పనికి వెళ్లరు, వెళ్లకూడదు. జరిగింది జరిగినట్టు మెమో రాసి ఫైల్లో పెట్టాను, డీన్ ఆఫీసు ఒప్పుకుంది. వచ్చే బడ్జెట్లో రద్దుల కోసం ఒక వరస అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

ఆ పెద్దావిడ రెండో వసంతంలో కూడా వచ్చారు. సాయంత్రం కోఆర్డినేటర్ కవరు ఇచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను, ఆ ఏడాది మొదటిసారి ఫీల్డ్‌కు వెళ్లాను. ఆవిడ కవరు విప్పకుండానే కోటు జేబులో పెట్టుకుని, రసీదు పుస్తకంలో సంతకం చేసి, నా చేతిలోని పుస్తకం వైపు చూసి, "లెక్కలు చూసేది నువ్వేనా?" అన్నారు. అవునన్నాను. తవ్వుడు కర్ర నా చేతికిచ్చి, పూలు తెల్లగా ఉన్నవి ఎక్కడున్నాయో చూడమన్నారు. చీకటి పడేదాకా పదకొండు పీకాను.

మూడో ఏడాది బడ్జెట్ పట్టిక ఇప్పుడు నా ముందు ఉంది. గౌరవ వేతనం రోజుకు ఎంత అన్న గడి ఖాళీగా ఉంచాను. ఈసారి ఆ అంకె నేషన్ కౌన్సిల్ నుంచి రావాలి.